ఎక్కడిదాకా వచ్చింది? ఐటీఐ పిల్లలకు సెన్సర్ కిట్‌తో డిజిటల్ పాఠాలు

బోరు దగ్గర మోటరు తిరగకపోతే మా అనంతపురం వైపు ఎలక్ట్రీషియన్ మొదట అడిగే మాట ఒకటే: "కరెంటు ఎక్కడిదాకా వచ్చింది?" ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చిందా, ఫ్యూజుల దాకా వచ్చిందా, స్టార్టర్ డబ్బాలోకి దిగిందా, కేబుల్ చివరిదాకా పోయిందా? టెస్టు ల్యాంపు పట్టుకుని ఒక్కో మెట్టు చూసుకుంటూ పోతే ఆగిన చోటు దొరుకుతుంది. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పిల్లలకు రెండో ఏడాదికల్లా ఈ అలవాటు చేతికి వచ్చేస్తుంది.

అదే పిల్లవాడు స్కాలర్‌షిప్ ఫారం అప్‌లోడ్ కాకపోతే మాత్రం "సైట్ పోయింది సార్" అని ఫోన్ జేబులో పెట్టేస్తాడు. నెట్ లేదా, ఫైలు సైజు ఎక్కువైందా, పాస్‌వర్డ్ తప్పా, నిజంగానే సర్వర్ ఆగిందా అని వెతకడు. రోజూ గంటలకొద్దీ ఫోన్ వాడే పిల్లలే వీళ్ళు. వాడటం బాగా వచ్చు, లోపల దారి ఎలా ఉంటుందో తెలియదు. ఎలక్ట్రీషియన్ పిల్లలకు నేను డిజిటల్ పాఠం చెప్పడం మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్ ల్యాబులో వర్డ్, పవర్‌పాయింట్‌తో చెప్పాను. సగం మంది నిద్రపోయారు. తర్వాత ఒక సెన్సర్, ఒక చిన్న బోర్డు, ఒక వైరు చేతికిచ్చి, ఆ వైరులోని అంకె వాళ్ళ ఫోన్‌లో కనబడే దాకా నడిపించాను. కిటికీ పక్కన కూర్చునేవాడు కూడా లేచి బెంచీ దగ్గరికి వచ్చాడు.

ఆ ఆరు వారాల పాఠం ఇక్కడ రాస్తున్నాను. వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి రెండు గంటలు. కోపా (కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్), ఫిట్టర్, ఒకేషనల్ ఇంటర్ పిల్లలకూ ఇదే సరిపోతుంది.

ముందు స్టార్టర్ డబ్బా గురించి మాట్లాడండి

మొదటి క్లాసులో బోర్డులూ సెన్సర్లూ బయటికి తీయకండి. "మీ ఊర్లో ఫోన్ చేస్తే ఆన్ అయ్యే మోటరు ఎవరి చేనులో ఉంది?" అని అడగండి. చీనీ తోటలున్న ఊరి పిల్లలైతే సగం చేతులు లేస్తాయి. రైతు ఇంట్లో కూర్చుని స్టార్టర్‌లోని సిమ్‌కు కాల్ చేస్తాడు, త్రీఫేజు కరెంటు ఉంటే మోటరు తిరుగుతుంది. ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అని పుస్తకాల్లో పెద్ద పేరుతో చెప్పేదానికి ఇది దగ్గరి చుట్టం. ఇది ఫోన్ కాల్‌తో నడుస్తుంది, మనం చేయబోయేది ఇంటర్నెట్‌తో నడుస్తుంది.

తర్వాత నల్లబల్ల మీద ఆ కాల్ దారి గీయమనండి. ఫోన్, టవర్, సిమ్, డబ్బాలోని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్), కాంటాక్టర్, మోటరు. గీసిన తర్వాత ఇంకో ప్రశ్న వేయండి: "పక్క చేను ఆయన అదే నంబర్‌కు కాల్ చేస్తే మీ మోటరు తిరుగుతుందా?" కొందరు తిరుగుతుందంటారు, కొందరు మా నాయన నంబరే ఎక్కించినారు, వేరేవాళ్ళది తీసుకోదు అంటారు. లాగిన్, అనుమతి, పాస్‌వర్డ్ అనే మాటలు ఎత్తకుండానే పిల్లలు ఆ విషయంలోకి వచ్చేశారు. ఆ పేర్లు మీరు నాలుగో వారంలో చెప్తే చాలు.

ఏమేం కొనాలి

ముగ్గురికి ఒక కిట్టు. ఐదుగురిని ఒక కిట్టు మీద పెడితే ఇద్దరు పని చేస్తారు, ముగ్గురు రీల్స్ చూస్తారు.

ఒక ఈఎస్‌పీ32 బోర్డు, అంటే ప్రోగ్రాం ఎక్కించి నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది, వైఫై దాంట్లోనే ఉంటుంది. మట్టి తేమ చూసే కెపాసిటివ్ సెన్సర్ ఒకటి. గాలి వేడిమి, తేమ చూసే డీహెచ్‌టీ11 లేదా డీహెచ్‌టీ22. టంకం లేకుండా వైర్లు గుచ్చుకునే బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, ఒక ఎల్‌ఈడీ, 220 ఓమ్‌ల రెసిస్టర్, యూఎస్‌బీ కేబుల్. కిట్టు సుమారు వెయ్యి రూపాయల్లో వస్తుంది. డబ్బులు తక్కువైతే డీహెచ్‌టీ11 తీసుకోండి. దానికి 2 డిగ్రీల దాకా తేడా ఉంటుంది, పాఠానికి పరవాలేదు.

మట్టి సెన్సర్ దగ్గర మాత్రం చౌకకు పోకండి. రెండు మెరిసే కాళ్ళతో రెసిస్టివ్ రకం ఒకటి దొరుకుతుంది. దాని లోహం నేరుగా తడి మట్టికి తగిలి, కరెంటు పారేకొద్దీ తుప్పు పట్టి, కొన్ని వారాల్లో అంకెలు గాడి తప్పుతాయి. కెపాసిటివ్ రకంలో లోహం పైకి ఉండదు. దానికీ అంచుల్లోంచి నీళ్ళు ఇంకుతాయి కాబట్టి గోళ్ళ రంగు ఒక పూత పూయించండి. సెన్సర్ మీద గీత ఒకటి ఉంటుంది, మట్టిలో అంతకంటే కిందికి దించకూడదని గట్టిగా చెప్పండి. పైభాగంలో ఉన్నది సర్క్యూటు.

కేబుల్ గురించి ఒక మాట. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్ళుంటాయి, వాటిలో డేటా తీగలు ఉండవు. బోర్డు మీద దీపం వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం బోర్డు కనబడదు. మొదటి బ్యాచ్‌లో ఒక పూటంతా డ్రైవర్లు (కంప్యూటర్ బోర్డును గుర్తుపట్టడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) వెతికి, చివరికి కేబుల్ మారిస్తే పని జరిగింది. అలాంటి కేబుల్ ఒకటి దొరికితే పారేయకండి, ఆరో వారంలో పనికొస్తుంది.

రిలే కొనాలా? మొదటి బ్యాచ్‌కు వద్దు. రిలే కనబడగానే 230 వోల్టుల బల్బు తగిలించాలని పిల్లల చేయి ఊరుకోదు. బ్రెడ్‌బోర్డు పక్కన మెయిన్స్ వైరు ఉండకూడదు. ఎల్‌ఈడీతో వచ్చే పాఠమే రిలేతోనూ వస్తుంది.

మొదటి వారం: దీపం మిణుకుమంటే చాలు

కంప్యూటర్‌లో ఆర్డుయినో ఐడీఈ (కోడ్ రాసి బోర్డుకు ఎక్కించే సాఫ్ట్‌వేర్) వేసి, ఈఎస్‌పీ32 బోర్డుల ప్యాకేజీ ఎక్కించండి. కాలేజీ నెట్ నెమ్మది అయితే ముందురోజే చేసిపెట్టండి, లేకపోతే క్లాసంతా డౌన్‌లోడ్ గీత చూస్తూ కూర్చోవాలి. బోర్డు కనబడకపోతే కేబుల్ తర్వాత చూడాల్సింది డ్రైవర్. బోర్డు మీద యూఎస్‌బీ పక్కన ఉన్న చిన్న చిప్ మీద సీపీ2102 అనో సీహెచ్340 అనో ఉంటుంది, దాన్ని బట్టి డ్రైవర్ వేయాలి. భూతద్దం పెట్టి ఆ అక్షరాలు చదవడం కూడా పిల్లలతోనే చేయించండి.

ఐడీఈలోనే ఉండే బ్లింక్ ప్రోగ్రాం ఎక్కించి ఎల్‌ఈడీ మిణుకుమనేలా చేయండి. ఆలస్యం దగ్గర 1000 అని ఉంటుంది, అంటే వెయ్యి మిల్లీసెకన్లు. దాన్ని 200 చేసి మళ్ళీ ఎక్కించమనండి. ఈ వారం నేర్చుకునే కోడ్ ఇంతే. మిగతా సమయం ఫైళ్ళకు ఇవ్వండి. ఎక్కడ సేవ్ చేశావు, ఏ పేరుతో, రేపు ఇదే కంప్యూటర్ దొరక్కపోతే ఎలా? ఫైలు అంటే వాట్సాప్‌లో వచ్చేది అనుకునే పిల్లలే ఎక్కువ. గుంపు పేరు, తేదీ కలిపి ఫోల్డర్ పేరు పెట్టడం, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ దాచడం ఈ వారంలోనే అలవాటు చేయండి.

ముగ్గురికి మూడు పనులు పంచండి. ఒకరు వైర్లు, ఒకరు కీబోర్డు, ఒకరు నోటు పుస్తకం. ప్రతి క్లాసుకూ మార్చాలి. మార్చకపోతే నోటు పుస్తకం ఎప్పుడూ ఆడపిల్లకే పోతుంది. మా దగ్గర అలాగే జరిగింది, గమనించడానికి నాకు రెండు వారాలు పట్టింది.

రెండో వారం: మట్టి అంకెగా మారే చోటు

చిన్న పూలకుండీలో మట్టి నింపి సెన్సర్ గుచ్చండి. సెన్సర్ సిగ్నల్ వైరును 34వ పిన్‌కు ఇవ్వండి. ఈ పిన్ ఎంపిక ఊరికే చెప్పలేదు. ఈఎస్‌పీ32లో వోల్టేజీ కొలిచే భాగాలు రెండున్నాయి, వైఫై నడుస్తుండగా రెండో భాగపు పిన్నులు రీడింగ్ ఇవ్వవు. 34 మొదటి భాగంలోది. పిల్లలు వేరే పిన్‌కు పెడితే ఈ వారం బాగానే నడిచి వచ్చే వారం ఆగిపోతుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

ఐడీఈలో సీరియల్ మానిటర్ తెరవండి, బోర్డు పంపే అంకెలు కనబడేది అక్కడే. అక్కడ అంకెలకు బదులు పిచ్చి గుర్తులు కనబడితే వేగం కలవలేదని అర్థం. కోడ్‌లో 115200 ఉంటే మానిటర్‌లోనూ 115200 ఉండాలి. ఇద్దరు వేర్వేరు వేగంతో మాట్లాడుకుంటే ఎట్లుంటుందో చెప్తే పిల్లలకు వెంటనే ఎక్కుతుంది.

అంకె 0 నుంచి 4095 మధ్య వస్తుంది. ఇప్పుడు కుండీలో నీళ్ళు పోయమనండి. అంకె తగ్గుతుంది. "తప్పు సార్, నీళ్ళు పోస్తే పెరగాల గదా" అంటారు. ఇక్కడ తొందరపడి జవాబు చెప్పేయకండి. సెన్సర్ తెలిపేది వోల్టేజీ, తేమ కాదు. ఈ రకంలో తేమ పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గుతుంది. తెర మీది అంకెకూ బయట ఉన్న వస్తువుకూ మధ్య ఎవరో ఒక లెక్క వేస్తారని పిల్లలు మొదటిసారి చూసేది ఇక్కడే. ఆ లెక్క ఇప్పుడు వాళ్ళే వేయాలి.

సెన్సర్ తుడిచి గాలిలో పట్టుకుని రీడింగ్ రాసుకోవాలి. గ్లాసు నీళ్ళలో గీత దాకా ముంచి ఇంకోటి రాసుకోవాలి. పొడి రీడింగ్ 2800, తడి రీడింగ్ 1200 అనుకుందాం. కుండీలో 2000 వస్తే, 2800 లోంచి 2000 తీసేస్తే 800. మొత్తం తేడా 1600. అంటే 50 శాతం. ఒక్కో సెన్సర్‌కు ఈ అంకెలు వేరుగా వస్తాయి, పక్క గుంపుది కాపీ కొడితే పని జరగదు.

ఆ 50 శాతాన్ని గుడ్డిగా నమ్మొద్దనీ చూపించాలి. ఒక కుండీలో మన ఎర్ర ఇసుక నేల మట్టి, ఇంకో కుండీలో తాడిపత్రి వైపు నల్లరేగడి నింపి ఒకే కొలత నీళ్ళు పోయండి. రెండు రోజుల తర్వాత రీడింగులు చూడండి. ఎర్ర మట్టి తొందరగా ఆరిపోతుంది, రేగడి నీళ్ళను పట్టుకుంటుంది. చెనిక్కాయ వేసే ఇంటి పిల్లలు ఈ ఫలితాన్ని మీకంటే ముందే చెప్పేస్తారు. చెప్పనివ్వండి.

మూడో వారం: వైఫై

టెన్షన్ పెట్టే వారం ఇదే. కోడ్‌లో వైఫై పేరు, పాస్‌వర్డ్ రాసి ఎక్కిస్తారు, సగం బోర్డులు కలవవు.

ఎందుకంటే ఈఎస్‌పీ32 సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది. కొత్త ఫోన్ల హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే దానికి ఆ పేరే కనబడదు. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండు మార్చాలి, ఐఫోన్‌లో అయితే మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ ఆన్ చేయాలి. ఇది 5జీ సిమ్ గొడవ కాదని విడమరిచి చెప్పండి, పిల్లలు ఈ రెండింటినీ కలిపేస్తారు. హాట్‌స్పాట్ పేరులో ఎమోజీలు తీసేయించండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా లెక్కే.

బోర్డు పదేపదే తనంతట తాను రీస్టార్ట్ అవుతూ సీరియల్ మానిటర్‌లో బ్రౌనౌట్ అనే మాట కనబడితే ఎలక్ట్రీషియన్ పిల్లలకు పండగే. వైఫై ఆన్ అయినప్పుడు బోర్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్నని కేబుల్‌లో వోల్టేజీ పడిపోతుంది. లో వోల్టేజీకి ఊర్లో మోటరు మూలిగినట్టే ఇదీ. పొట్టి, మందపాటి కేబుల్ వేస్తే సరిపోతుంది.

ఈ వారంలోనే ఒక చిన్న ఉచ్చు పెట్టండి. పని చేసిన గుంపును తమ కోడ్ క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టమనండి. అందరూ సంతోషంగా దింపుకుంటారు. పది నిమిషాలు ఆగి అడగండి: "ఇప్పుడు ఎవరి హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ ఎంతమంది దగ్గరుంది?" కాసేపు ఎవరూ మాట్లాడరు, తర్వాత ఆ పాస్‌వర్డే ఇన్‌స్టాగ్రాంకూ పెట్టుకున్నవాడు ఫోన్ తీస్తాడు. పాస్‌వర్డ్ జాగ్రత్తల మీద ఎన్ని స్లైడ్లు వేసినా ఇంత పని జరగదు. పాస్‌వర్డులు మార్పించి, కోడ్ పంచేముందు ఆ చోట చుక్కలు పెట్టడం నియమం చేయండి.

నాలుగో వారం: సర్వర్, తాళంచెవి

సెన్సర్ అంకెలు తీసుకుని గ్రాఫ్ గీసే సైట్ థింగ్‌స్పీక్. దాంట్లో ఉచిత ఖాతా తెరిచి, ఒక చానెల్ చేసి, ఫీల్డ్ 1కు తేమ, ఫీల్డ్ 2కు వేడిమి అని పేర్లు పెట్టండి. ఉచిత ఖాతా 15 సెకన్లకు ఒకసారే అంకె తీసుకుంటుంది, కోడ్‌లో 20 సెకన్లు పెట్టుకుంటే మేలు. చానెల్ ప్రైవేటుగానే ఉంచాలి.

బోర్డుతో పంపేముందు చేత్తో పంపించండి. థింగ్‌స్పీక్ ఇచ్చే అప్‌డేట్ లింకును బ్రౌజర్ అడ్రస్ బార్‌లో అతికించి, చివర ఉన్న అంకె మార్చి ఎంటర్ కొడితే గ్రాఫ్‌లో చుక్క పడుతుంది. తెర మీద ఒక వరస సంఖ్య వస్తుంది. 0 వస్తే అంకె చేరలేదని అర్థం, ఎక్కువగా కీ (లింకులో ఉండే తాళంచెవి) తప్పో, 15 సెకన్లు ఆగకపోవడమో కారణం. లింకు అంటే నొక్కేది మాత్రమే కాదు, అందులో ఎవరికి, ఏ తాళంతో, ఏం పంపుతున్నామో రాసి ఉంటుందని పిల్లలు కళ్ళారా చూస్తారు.

తర్వాత ఒక గుంపు రైట్ కీని, అంటే వాళ్ళ చానెల్‌లోకి అంకెలు రాయనిచ్చే తాళంచెవిని, నల్లబల్ల మీద రాయండి. మిగతా గుంపులు తమ ఫోన్ల నుంచి ఆ చానెల్‌లోకి ఏదైనా పంపవచ్చని చెప్పండి. మా దగ్గర ఎండిపోయిన కుండీ 900 శాతం తేమతో వెలిగిపోయింది. నవ్వులయ్యాక ఆ గుంపు కొత్త కీ తయారు చేసుకుంది, పాత లింకులు 0 చూపించడం మొదలుపెట్టాయి. మొదటి రోజు స్టార్టర్ డబ్బాలో "మా నాయన నంబరే ఎక్కించినారు" అన్న మాట గుర్తు చేయాల్సింది ఇప్పుడే.

మోసాల పాఠం కూడా ఇక్కడే ముడిపెట్టండి, వేరే క్లాసుగా పెడితే ఉపన్యాసం అయిపోతుంది. లింకు విప్పి చదవడం వచ్చింది కాబట్టి, బ్యాంకు పేరుతోనో పెళ్ళి పిలుపు పేరుతోనో వచ్చే మెసేజీలను అలాగే చదివించండి. ఏ సైట్‌కు పోతోంది, ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించేది) ఎందుకు పంపారు? యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు పోతే ఆలస్యం లేకుండా 1930కు ఫోన్ చేయాలని నోటు పుస్తకం అట్ట మీద రాయించండి. ఇంటికి పోయి వాళ్ళ జేజికి, అమ్మకు చెప్పిరావడమే ఆ వారం హోంవర్కు.

ఐదో వారం: గ్రాఫ్ అబద్ధం చెప్పిందా?

కిట్లను రెండు రోజులు ఆపకుండా నడిపి, డేటాను సీఎస్‌వీగా (అంకెలు పట్టికలా ఉండే ఫైలు) దింపి ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో తెరవండి. సగటు, గరిష్ఠం, గ్రాఫ్ నేర్పండి. ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది కాబట్టి ఎక్కువ రాయను.

ఒక్కటి మాత్రం చూడండి. మా మొదటి బ్యాచ్ గ్రాఫ్‌లో ఎండ మండిపోయేది పొద్దున 9 గంటలకు అని వచ్చింది. ఏప్రిల్‌లో అనంతపురంలో ఉండేవాడెవడూ దాన్ని నమ్మడు. సెన్సర్ పోయిందన్నారు, కోడ్ తప్పన్నారు. దింపిన ఫైలులో కాలం మన గడియారంలో లేదు, మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ కాలంలో ఉంది. ఖాతాలో టైమ్ జోన్ మార్చుకోకపోతే ఇలాగే వస్తుంది. ఐదున్నర గంటలు కలిపితే మధ్యాహ్నం రెండున్నర. మీరు ముందే సరిచేసిపెట్టకండి, ఈ తప్పు పిల్లలకే దొరకనివ్వండి.

ఆరో వారం: మీరే తప్పులు పెట్టండి

పరీక్ష ఇలా పెట్టండి. పిల్లలు బయట ఉండగా ప్రతి కిట్టులో ఒక్కో తప్పు పెట్టండి. ఒకదానికి గ్రౌండు వైరు పీకండి. ఒకదానిలో వైఫై పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం మార్చండి. ఒకదానికి పాత కీ ఇవ్వండి. ఒకదానికి మొదటి వారంలో దాచిన ఆ చార్జింగ్ కేబుల్ తగిలించండి.

20 నిమిషాలు ఇవ్వండి. బాగుచేసినందుకు సగం మార్కులే. మిగతా సగం నోటు పుస్తకంలో రాసినదానికి: కరెంటు వచ్చిందా, సెన్సర్ అంకె సీరియల్ మానిటర్ దాకా వచ్చిందా, వైఫై కలిసిందా, సర్వర్ ఏమని జవాబిచ్చింది, ఫోన్‌లో కనబడిందా. ఏ మెట్టు దగ్గర ఆగింది, అది ఎలా తెలిసింది? ఇంగ్లీషులో వచ్చిన ఎర్రర్‌ను అక్షరం పొల్లుపోకుండా రాసి, కింద తెలుగులో అర్థం రాయాలి. "సార్, మాది రాలేదు" అని పరిగెత్తుకొచ్చేవాళ్ళకు నా జవాబు ఒకటే: "ఎక్కడిదాకా వచ్చిందప్పా?"

ఏఐ చాట్‌బాట్‌ను అడగొచ్చా అని తప్పక అడుగుతారు. నేను వద్దనను. ముందు ఆగిన మెట్టు రాసి, తర్వాత అడగమంటాను. ఒక గుంపు నేరుగా అడిగి కొత్త కోడ్ మొత్తం తెచ్చి అతికించింది. ఆ కోడ్ సెన్సర్ 4వ పిన్‌లో ఉందనుకుంది, వీళ్ళ వైరు 34లో ఉంది. అరగంట పోయింది.

చేనులో పెట్టి చూడాలని ఎవరైనా ముందుకొస్తే ఇవ్వండి, కానీ ఇంటి వైఫై అందే పెరట్లో మొదలుపెట్టమనండి. తోట మధ్యలో వైఫై ఉండదు. పవర్‌బ్యాంకుతో నడుపుదామంటే కరెంటు వాడకం మరీ తక్కువగా ఉన్నప్పుడు చాలా పవర్‌బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి.

కిట్లు బీరువాలో పెట్టేముందు

సెన్సర్లు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, ఎర్రమట్టి ఎండితే గీకాల్సి వస్తుంది. బోర్డులను కరెంటు తీసి పక్కన పెడితే సరిపోదు, వాటిలో పిల్లల హాట్‌స్పాట్ పాస్‌వర్డులు అలాగే ఉంటాయి. ఐడీఈ టూల్స్ మెనూలో స్కెచ్ (ప్రోగ్రాం) అప్‌లోడ్‌కు ముందు ఫ్లాష్ (బోర్డు మెమరీ) మొత్తం తుడిచే ఎంపిక ఉంది. దాన్ని ఆన్ చేసి, మొదటి వారం బ్లింక్ ప్రోగ్రాం ఎక్కించండి. థింగ్‌స్పీక్ చానెళ్ళు ఉంచుకోవాలో తీసేయాలో పిల్లలే తేల్చుకోవాలి, ఖాతాలు వాళ్ళవి. చార్జింగ్ కేబుల్‌కు మాత్రం ఎర్ర టేపు చుట్టి విడిగా పెట్టండి, వచ్చే బ్యాచ్‌కు కావాలి.